ఏడో చాప్టర్ దగ్గర ఆగిపోయిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ మెయిల్ వచ్చి పది రోజులైంది, వెంటనే జవాబు రాయలేదని ఏమీ అనుకోకు, మీ జేజి (నాయనమ్మ) మీదా, శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయిన మీ ఊరి మీదా నువ్వు రాస్తున్న నవలలోంచి పంపిన ఆరు చాప్టర్లూ చదివాకే రాద్దామని ఆగాను. నిన్న రాత్రి అయిపోయాయి. పొద్దున్నే కాఫీ తాగేసి ఇదిగో కూర్చున్నా.

ఫోన్ చేతిలోకి తీసుకుంటే గంట ఎటు పోతోందో తెలీట్లేదు, ఇన్‌స్టా తీసేశాను మళ్ళీ వేసుకున్నాను, ఆఫీస్ నుంచి హాస్టల్‌కి వచ్చేసరికే ఎనిమిదవుతోంది, రూమ్మేట్ ఏదో సిరీస్ పెట్టుకుని కూర్చుంటుంది, ఏడు నెలలుగా ఏడో చాప్టర్ కదలట్లేదు, అసలు నాకు ఏకాగ్రతే లేదమ్మా అని రాశావ్. ఏకాగ్రత లేని పిల్ల ఆ రెండో చాప్టర్ రాయలేదు. మీ జేజి కల్లంలో జొన్నలు తూర్పారబట్టే పేజీ ఉంది చూడు, చేట పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉంటుంది, గాలి వచ్చేదాకా ఎవరూ మాట్లాడరు. అది నేను మూడుసార్లు చదివాను. ఒక మనిషిని అంతసేపు అలా చూస్తూ కూర్చోగలిగినదానివి నువ్వు, నీకు ఏకాగ్రత లేదంటే నేనెలా ఒప్పుకుంటాను చెప్పు.

నా సంగతి ఒకటి చెప్తాను, దాంట్లోంచి నీకేమైనా పనికొస్తుందేమో చూడు.

1983లో నాకు రాజమండ్రి ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా ఉద్యోగం వచ్చింది. మీ వయసు వాళ్ళకి తెలీదుగానీ అప్పట్లో చాలా ఊళ్ళకి ఫోన్ చేయాలంటే ముందు మా దగ్గర బుక్ చేసుకోవాలి, ఆర్డినరీ, అర్జెంట్, అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ అని రకాలుండేవి, లైన్ దొరికినప్పుడు మేం కలిపేవాళ్ళం. తలకి హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు నిండా చిల్లులు, ముందు వరసగా కార్డ్‌లు, అంటే చివర పిన్ను ఉన్న తీగలు. చిన్న దీపం వెలగ్గానే కార్డ్ తీసి గుచ్చాలి, టికెట్ మీద నంబర్లు టైమూ పెన్సిల్‌తో రాయాలి, మూడు నిమిషాలు కాగానే వాళ్ళ మాటల మధ్యలోకి వెళ్ళి త్రీ మినిట్స్ ఓవర్ అని చెప్పాలి. నైట్ డ్యూటీలో రెండు దాటాక కాస్త పల్చబడేది. అప్పుడు పాడైపోయిన టికెట్ల వెనక నేను కథలు రాసుకునేదాన్ని, నా మొదటి తొమ్మిది కథలూ అలా రాసినవే. రెండు వాక్యాలు రాస్తానో లేదో దీపం వెలిగేది. ఆ వేళప్పుడు లైట్నింగ్ కాల్ అంటే చాలావరకు చావు కబురే, అవతల ఎవరో ఏడుస్తుంటే వింటూ లైన్ కలిపి, టికెట్ రాసి, మళ్ళీ నా కథలోకి రావాలి.

ఎలా వచ్చేదాన్ని అంటే, దీపం వెలగ్గానే కార్డ్ అందుకునే లోపల, రాస్తున్న వాక్యం పక్కన రెండు మాటలు గీకేసేదాన్ని, తర్వాత ఏం రావాలో. తలుపు తీస్తాడు. డబ్బు అడగదు. అంతే, ఆ రెండు మాటలూ ఉంటే పది నిమిషాల తర్వాత వచ్చినా చెయ్యి దానంతటదే నడిచేది, లేకపోతే మొదట్నుంచీ చదువుకోవాల్సి వచ్చేది, చదువుతుండగా ఇంకో దీపం. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అవసరం నేర్పింది. ఈ మధ్య మా అబ్బాయి చూపించాడు, సోఫీ లెరాయ్ అనే అమెరికా ప్రొఫెసర్ 2009లో దీనిమీదే పరిశోధన చేసిందట, ఒక పని సగంలో ఆపి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత ముక్క ఆ పాత పని దగ్గరే ఉండిపోతుందనీ, అందుకే రెండో పని కూడా సరిగ్గా సాగదనీ. 2018లో ఇంకొకామెతో కలిసి రాసిన దాంట్లో, వెళ్ళేముందు తిరిగి వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క నిమిషం రాసిపెట్టుకుంటే ఆ లాగుడు తగ్గుతుందని తేల్చారట. నా టికెట్లు గుర్తొచ్చి కాసేపు అలా కూర్చుండిపోయాను.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. 1991లో నెల రోజులు సెలవు పెట్టాను, నవల పూర్తి చేద్దామని. అమలాపురంలో మా అన్నయ్య వాళ్ళ మేడ మీద గది, కిటికీ బయట కొబ్బరి చెట్లు, వేళకి భోజనం పైకే పంపేవాళ్ళు, దీపం లేదు, హెడ్‌సెట్ లేదు, పిలిచేవాళ్ళు లేరు. సెల్‌ఫోన్లూ గీన్లూ ఏమీ లేని కాలం అది. నెల రోజుల్లో నేను రాసింది పదకొండు పేజీలు. మొదటి రోజు అలమర సర్దాను, రెండో రోజు మంచి పేపర్ లేదని బజారుకెళ్ళాను, తర్వాత పాత పేజీలు ఫెయిర్ చేశాను, మధ్యలో ఇంకేదో కథ తట్టి అది మొదలుపెట్టాను, వదినకి కందులు బాగుచేసి పెట్టాను. నవలలో ఆ పిల్ల పుట్టింటికి తిరిగొచ్చి తండ్రి ఎదురుగా నిలబడాలి, ఆ సీన్ రాయాలి, ఆ సీన్ దగ్గరికి పేపర్ రాగానే నాకు దాహం వేసేది, నిజంగానే దాహం, లేచి కిందకి వెళ్ళేదాన్ని.

రెండు నిమిషాలకోసారి లేపే ఉద్యోగంలో తొమ్మిది కథలు రాసినదాన్ని, ఎవరూ లేపని గదిలో ఒక్క సీన్ రాయలేకపోయాను. అప్పట్నుంచీ నేను బయటి చప్పుడు గురించి పెద్దగా భయపడను. నేను ఎక్కడ లేస్తున్నానా అని చూసుకుంటాను.

నీ ఆరు చాప్టర్లూ అలాగే చదివాను, ఈ పిల్ల ఎక్కడ లేచిపోయిందా అని. రెండు, మూడు చాప్టర్లలో మీ జేజి ప్రతి పేజీలోనూ ఉంది. నాలుగు నుంచి పల్చబడింది. నాలుగులో శ్రీశైలం ప్రాజెక్టుకి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన సంగతి వచ్చింది, ఐదంతా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి రాయి రాయి తెచ్చి అలంపురంలో మళ్ళీ కట్టిన వైనం, ఆరులో భూములకి నష్టపరిహారం లెక్కలు. అన్నీ బాగున్నాయి, కష్టపడ్డావు, నాకూ చాలా విషయాలు తెలిశాయి. కానీ ఆరో చాప్టర్ మొత్తమ్మీద మీ జేజి ఒక్కసారే కనిపిస్తుంది, అదీ ఎవరికో మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోతుంది. ఏడో చాప్టర్ 1981లో ఊరు ఖాళీ చేయించిన రోజు అని నువ్వే రాశావ్. ఏడు నెలలుగా దాని కోసం నలభై మందితో మాట్లాడి రికార్డు చేశానన్నావ్, పాత మ్యాపులు, జీవోలు, పేపర్ కటింగులు ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లు ఫోల్డర్లుగా ఉన్నాయన్నావ్. అమ్మాయ్, నీ ఏడు నెలల్లో రీల్స్ తిన్నదెంతో నాకు తెలీదుగానీ ఆ ఫోల్డర్లు తిన్నది మాత్రం చాలా ఎక్కువ. రీల్స్ చూస్తే కనీసం తప్పు చేసినట్టు అనిపిస్తుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తాం, రీసెర్చ్ చేస్తుంటే పని చేసినట్టే ఉంటుంది, రాత్రి పడుకునేటప్పుడు ఈరోజు నవల కోసం మూడు గంటలు పెట్టానని తృప్తి కూడా ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ డిస్ట్రాక్షన్ అనరు.

నలభై మందిని అడిగావు గానీ, జేజిని అడిగావా? మెయిల్‌లో ఎక్కడా లేదు. జేజి కర్నూల్లో బాబాయ్ వాళ్ళింట్లో ఉందని మాత్రం రాశావు, నువ్వు ఎప్పుడు వెళ్ళావో రాయలేదు.

నువ్వు లేచిపోతున్నది ఎందుకో నీకే తెలియాలి. విసుగా, భయమా అని చూసుకో. రాయడానికి కూర్చున్నప్పుడు ఆవలింతలొచ్చి, ఈ చాప్టర్ ఎవరికి కావాలి అనిపిస్తే అది విసుగు, ఆ చాప్టర్ నీకే అక్కర్లేదేమో, తీసేసి ముందుకు పో, నీ నష్టపరిహారం లెక్కల్లో సగం అలాంటివే. గుండె కొంచెం గట్టిగా కొట్టుకుని, వేళ్ళు ఫోన్ కోసం వెతికి, సరిగ్గా అప్పుడే బట్టలు మడతపెట్టాలనిపిస్తే అది భయం, అక్కణ్ణుంచి మాత్రం కదలకు. అక్కడేదో ఉంది. మీ జేజి ఆ రోజు ఏడ్చిందో లేదో నీకు తెలీదు, తెలుసుకోవాలని ఉంది, తెలిస్తే తట్టుకోలేనేమో అనీ ఉంది. నాకు అర్థమవుతుంది.

ఇంకో మాట, ఉగాది పోటీకి ఒక కథ రాద్దామనుకుంటున్నాను, ఆ తర్వాత యాప్‌లో ఒక సీరియల్ మొదలుపెట్టాలని ఉంది అన్నావ్. సగంలో ఉన్న నవల ఉన్నప్పుడు కొత్త ఐడియా ఎంత అందంగా కనిపిస్తుందో నాకు తెలుసు, దాంట్లో ఇంకా ఏ సీనూ చెడిపోలేదు కదా. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో, తట్టిందల్లా రెండు లైన్లు రాసి మూసెయ్, పాడవదు, నా నోట్‌బుక్‌లో పన్నెండేళ్ళు ఆగి తర్వాత కథ అయినవి ఉన్నాయి. పోటీలు ఏటా వస్తాయి.

ఈ రాజమండ్రిలోనే, రాజరాజ నరేంద్రుడి కాలంలో, నన్నయ భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి ఆ సగం ముక్క జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు, ఆ మిగిలిన అరణ్యపర్వం 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశాడు. భారతం కాబట్టి, వ్యాసుడి మూలం ఎదురుగా ఉంది కాబట్టి ఎన్ని వందల ఏళ్ళైనా ఎవరో ఒకరు వచ్చి అందుకోగలిగారు. మీ జేజి కథకి మూలం జేజి ఒక్కతే కదా.

ఇది ఊరికే అనట్లేదు. మా పెద్దమ్మ పద్నాలుగేళ్ళకే భర్త పోయి, రైస్ మిల్లులో బియ్యం చెరిగి ముగ్గురు తమ్ముళ్ళని చదివించింది. ఆమె మీద నవల 1994లో మొదలుపెట్టి నూట నలభై పేజీలు రాశాను. మొదటి కూలి డబ్బు పట్టుకుని ఇంటికొచ్చిన సాయంత్రం దగ్గర ఆగాను, వాళ్ళ నాన్న ఆ డబ్బు తీసుకున్నాడా, ముఖం తిప్పుకున్నాడా, ఏమన్నాడు, ఇదంతా పెద్దమ్మని అడగాలి. అడగడానికి ఎందుకో నోరు రాలేదు. ఈలోపు ఒక వీక్లీకి సీరియల్ ఒప్పుకున్నాను, రేడియోకి నాటికలు రాశాను, పోటీలకి కథలు పంపాను, కొన్నిటికి ప్రైజులు కూడా వచ్చాయి. పెద్దమ్మ 2003లో పోయింది. 2006లో ఆ కాగితాలు తీస్తే ఆ సాయంత్రం కోసం వదిలిన ఖాళీ అలాగే ఉంది, నూట నలభై ఒకటో పేజీ, పైన తేదీ మాత్రం వేసి ఉంది. కల్పించి రాయొచ్చు కదా అని చాలామంది అన్నారు, రచయితవి కదా అన్నారు. రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ అది మా పెద్దమ్మ కాలేదు. ఆ కట్ట ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

కాబట్టి ముందు కర్నూలు బస్సెక్కు. రికార్డర్ పెట్టకు, నోట్‌బుక్ తియ్యకు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, తలకి నూనె రాస్తూనో అడుగు. ఆ రోజు పొద్దున పొయ్యి మీద ఏం పెట్టావు జేజీ అని అడుగు. ఏడ్చావా అని అడగొద్దు. పొయ్యి దగ్గర మొదలుపెడితే మిగతాది తనే చెప్తుంది, చెప్పకపోతే ఆ చెప్పకపోవడమే రాయి.

వచ్చాక ఏడో చాప్టర్ మాత్రమే. పొద్దున ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా చాలు, నలభై ఐదు నిమిషాలు, హాస్టల్లో అందరూ పడుకుని ఉంటారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం పనికిరాదు, రాత్రే కింద వార్డెన్ ఆంటీ దగ్గరో, తాళం వేసిన సూట్‌కేసులోనో పెట్టెయ్, అలారానికి రెండొందలు పెట్టి ఒక గడియారం కొనుక్కో. ఇంటర్నెట్ లేకుండా రాయి. తేదీయో పేరో గుర్తు రాకపోతే అక్కడ ఒక సున్నా చుట్టి ముందుకు వెళ్ళు, ఆ సున్నాలన్నీ ఆదివారం మధ్యాహ్నం ఒకేసారి చూసుకోవచ్చు, ఒక్క తేదీ కోసం గూగుల్‌కి వెళ్తే నువ్వు మళ్ళీ అలంపురంలో తేలతావు. లేవాలనిపించినప్పుడు లేవకుండా, ఎందుకు లేవాలనిపిస్తోందో ఆ కాగితం మీదే రాయి, ఇల్లు విడిచే సీన్ రాయాలంటే నాకు భయంగా ఉంది అని రాసినా సరే. నా పుస్తకాల్లో జనం బాగుందన్న రెండు మూడు చోట్లు అలా రాసుకున్న లైన్ల వెనకే వచ్చాయి. టైమైపోయినప్పుడు వాక్యం పూర్తి చెయ్యకుండా ఆపి, పక్కన ఆ రెండు మాటలు గీకి లే.

రాసిన ముక్క రాసినట్టు ఫేస్‌బుక్‌లో పెట్టకు, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా. అన్నం ఉడుకుతుండగా మాటిమాటికీ మూత తీస్తే ఆవిరంతా పోతుంది. పది మంది సూపర్ అనగానే ఆ సీన్ రాసేసినట్టే ఉంటుంది మనసుకి, ఇంక దాన్ని మళ్ళీ ముట్టుకోం.

జ్వరం వస్తుంది, రిలీజ్ ఉందని ఆఫీసులో రాత్రి రెండింటిదాకా కూర్చోబెడతారు, పండక్కి ఇంటికి వెళ్తావ్, అలాంటి రోజులు పోనీ. మర్నాడు ఆ రెండు మాటలు చదువుకుని కూర్చో.

జేజికి నా నమస్కారాలు చెప్పు, తూర్పారబట్టే పేజీ చదివి రాజమండ్రిలో ఒకామె మూడుసార్లు చదువుకుందని కూడా చెప్పు. ఏడో చాప్టర్ అయ్యాక ఫోన్ చెయ్, పొద్దున ఏడు దాటాకే చెయ్యి, అంతకుముందు ఎత్తను, నేనూ రాసుకుంటూ ఉంటాను.

ప్రేమతో,
అమ్మ