‘స్మార్ట్ బిల్డింగ్’ కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఒక రాత్రి ట్యాంకు ఎక్కండి

మీరు అడిగింది ఇదీ: అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నీళ్ల మీటర్లు, ట్యాంకు సెన్సర్లు, వాటంతట అవే వెలిగే కారిడార్ లైట్లు, అన్నీ ఫోన్‌లో చూసుకునే యాప్ కలిపి ‘బిల్డింగ్ మొత్తం స్మార్ట్ చేస్తాం’ అని ఒకరు కొటేషన్ ఇచ్చారు. ఒప్పుకోవచ్చా?

నేను హైదరాబాద్‌లో నిజాంపేట వైపు 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి మూడేళ్లు సెక్రటరీగా చేశాను. మొదటిసారి ఇలాంటిదే పెట్టించి చేతులు కాల్చుకున్నాం, రెండోసారి కాస్త చూసుకుని పెట్టించాం. నన్నడిగితే పెట్టించుకోండి, కానీ కొటేషన్‌లో సగం కొట్టేసి.

మొదటిసారి ఏమైందంటే, ఓవర్‌హెడ్ ట్యాంకు మూతకి లోపలివైపు ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించారు. నీటిమట్టం తగ్గితే మోటర్ దానంతటదే ఆన్, నిండితే ఆఫ్. నాలుగు నెలలు బాగానే ఉంది. చలికాలం రాగానే సెన్సర్ ముఖం మీద ఆవిరి చుక్కలు పట్టడం మొదలైంది. ఆ చుక్కల్నే అది నీటిమట్టం అనుకునేది. ఒక ఆదివారం పొద్దున్న యాప్‌లో ట్యాంకు 96 శాతం నిండుగా ఉంది, ఇళ్లల్లో కుళాయిలు మాత్రం బుస్సుమంటున్నాయి. తల మీద షాంపూతో ఉన్నవాళ్లు నాకు ఫోన్ చేసి ఏమన్నారో ఇక్కడ రాయలేను. ఆ తర్వాత రీడింగులు యాప్‌కి పంపే ప్యానెల్‌లోని సిమ్ కార్డు రీచార్జ్ అయిపోయింది. ఆ నంబర్ ఎవరి పేరు మీద ఉందో ఎవరికీ తెలియదు, పెట్టినవాళ్లు ఫోన్ ఎత్తరు. మా వాచ్‌మన్ ఏ టెన్షనూ లేకుండా స్విచ్‌ని మాన్యువల్‌కి తిప్పి, పాత పద్ధతిలో ఓవర్‌ఫ్లో పైపు చప్పుడు విని మోటర్ ఆపడం మొదలుపెట్టాడు. అదే రెండేళ్లు నడిచింది.

2024 వేసవిలో బోరు ఎండిపోయింది. మంజీరా కుళాయి నీళ్లు చాలక రోజూ ట్యాంకర్లే. అప్పుడు మాలో ప్లంబింగ్ తెలిసిన ఒక పెద్దాయన చెప్పిన పని చేశాం. రాత్రి ఒంటిగంటకి మోటర్లన్నీ ఆపి, ట్యాంకు లోపలి గోడ మీద నీళ్ల అంచుకి కాస్త పైన సుద్దముక్కతో గీత గీసి, అక్కడినుంచి నీళ్లు ఎంత కిందికి ఉన్నాయో స్కేలుతో కొలిచాం. నాలుగింటికి మళ్లీ ఎక్కి కొలిస్తే 8 సెంటీమీటర్లు తగ్గింది. మా ట్యాంకు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. అంటే ఒక్కో సెంటీమీటర్‌కి 120 లీటర్లు. మూడు గంటల్లో 960 లీటర్లు, అందరూ నిద్రపోతున్న వేళ! అమెరికా షిఫ్టు చేసే రెండు మూడు ఇళ్లవాళ్లు వాడుకున్నారనుకున్నా అంత ఉండదు. అదే వేగంతో పోతే రోజుకి ఏడున్నర వేల లీటర్ల పైమాటే. మేం డబ్బు పెట్టి తెప్పిస్తున్న పదివేల లీటర్ల ట్యాంకర్‌లో ముప్పావు వంతు ఎటో పోతోంది.

ఎటు పోతోందో కనుక్కోవడానికీ సెన్సర్ అక్కర్లేకపోయింది. స్వీట్లలో వేసే కేసరి రంగు ప్రతి ఇంటికీ చిటికెడు ఇచ్చి, ఫ్లష్ ట్యాంకులో వేసి పావుగంట నొక్కకుండా చూడమన్నాం. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు పోయినట్టే. పదకొండు ఇళ్లల్లో దిగింది. అందులో మా ఇల్లూ ఒకటి, అది దాచి లాభం లేదు. రబ్బర్లు మార్చాక మళ్లీ రాత్రి కొలిస్తే తగ్గింది 2 సెంటీమీటర్లే.

అయితే మీటర్లు దేనికి అంటారా? ఆ రబ్బర్లు మళ్లీ పోతాయి, ఏటా అందరి చేతా రంగు వేయించలేం. ఇంటింటికీ మీటర్ ఉంటే రాత్రి రెండు, నాలుగు గంటల మధ్య సున్నాకి దిగని ఇల్లు ఏదో తెలిసిపోతుంది. మా దగ్గర ఇప్పుడు యాప్‌లో అందరూ చూసే పేజీ అదొక్కటే.

మీటర్ల దగ్గర ఒక తిరకాసుంది, అమ్మేవాళ్లు ముందుగా చెప్పరు. మన పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్‌కి ఒకే పైపు రాదు. టెర్రస్ మీది నుంచి ఒక్కో బాత్రూమ్‌కి, వంటింటికి, యుటిలిటీకి విడివిడిగా పైపులు దిగుతాయి. అంటే ఇంటికి మూడో నాలుగో మీటర్లు కావాలి. మీ కొటేషన్‌లో 60 మీటర్లని రాసి ఉంటే, వాళ్లు మీ షాఫ్టులోకి, అంటే పైపులు దిగే సందులోకి, తొంగి చూడలేదన్నమాట. షాఫ్టుల్లోకి వైఫై సరిగా అందదు కాబట్టి మేం లోరా అనే తక్కువ కరెంటు రేడియోతో పనిచేసేవి తీసుకున్నాం. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్‌లో దానికి లైసెన్స్ అక్కర్లేదు. మీటర్ల రీడింగులు అందుకుని ఇంటర్నెట్‌కి పంపే డబ్బాలు (గేట్‌వేలు) టెర్రస్ మీద ఒకటి, సెల్లార్‌లో ఒకటి పెడితే సరిపోయింది.

ఊళ్లకి ఊళ్లే చేసేదీ ఇదే. కేంద్ర ప్రభుత్వ పథకం స్మార్ట్ సిటీస్ మిషన్ 2015 జూన్‌లో మొదలై 2025 మార్చితో ముగిసింది. వంద నగరాల్లో విశాఖ, కాకినాడ మొదటి జాబితాలోనే ఉన్నాయి, తర్వాత వరంగల్, తిరుపతి, కరీంనగర్ వచ్చాయి. హైదరాబాద్ అందులో లేదు, చాలామంది ఉందనుకుంటారు. జనం చూసేది గోడంత తెరలున్న కంట్రోల్ రూమునే. నీళ్ల ఇంజనీర్లు మాత్రం ఊరిని జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్ మొదట్లో మీటర్ పెట్టి, అర్ధరాత్రి దాటాక ఎంత పారుతోందో చూస్తారు. మా సుద్దగీత లెక్కే, కాస్త పెద్దది.

వీధి దీపాలూ అంతే. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో దాదాపు 90 వేల దీపాలను ఎల్‌ఈడీకి మార్చారు. అలాంటి చోట్ల స్తంభాల వరుసకి ఒక కంట్రోల్ డబ్బా ఉంటుంది. లోడు తగ్గితే ఏదో దీపం పోయిందని దానికి తెలుస్తుంది గానీ, ఏ స్తంభానిదో తెలియదు. అది చెప్పాల్సింది ఆ వీధిలో ఉండేవాళ్లే.

మీ కారిడార్ లైట్లకి మోషన్ సెన్సర్లు సరే, మెట్ల దగ్గర మాత్రం వద్దు. మా రెండో అంతస్తు మామ్మగారు మెట్టు మీద ఆయాసం తీర్చుకునేలోపు లైటు ఆరిపోయేది.

కొటేషన్ ఇచ్చినవాళ్లని మూడు సంగతులు అడగండి. సిమ్ ఎవరి పేరు మీద ఉంటుంది? మీరు కంపెనీ మూసేసినా మా రీడింగులు మా దగ్గర ఉంటాయా? సెన్సర్‌ని ఎవరు, ఎన్నాళ్లకోసారి తుడుస్తారు? ఈలోపు ఒక రాత్రి టార్చి, సుద్దముక్క, స్కేలు తీసుకుని ట్యాంకు ఎక్కండి. ఇద్దరు వెళ్లండి, ఒంటరిగా వద్దు. ట్యాంకు కొలతలు, ఎన్ని సెంటీమీటర్లు తగ్గిందో ఇక్కడే కామెంట్‌లో పెట్టండి, దాన్నిబట్టి ఏ ఐటమ్‌లు కొట్టేయొచ్చో చెప్తాను.