కండెన్సర్ ట్యూబు లీకు: ఇంకా బిగించాలా?

ప్రశ్న: మా ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా కండెన్సర్‌కి (గ్యాస్‌ని చల్లార్చి ద్రవంగా మార్చే భాగం) కొత్త స్టీలు ట్యూబులు వేయించాం. ట్యూబు చివరని లోపలి నుంచి వెడల్పు చేసి బిగించే ఎక్స్‌పాండర్ ఎంత తిప్పినా రెండు ట్యూబుల దగ్గర లీకు ఆగట్లేదు. ఇంకా బిగించమంటారా?
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: వద్దండీ, అతిగా తిప్పితే ట్యూబు గోడ పల్చబడి పక్క ట్యూబు జాయింటు కూడా వదులవుతుంది. ముందు గ్యాస్ పూర్తిగా తీయించి లోపలి కొలత చూడండి. ట్యూబు అసలు లోపలి వ్యాసానికి ట్యూబ్ షీట్ (ట్యూబుల చివరలు దూర్చే రంధ్రాల పలక) రంధ్రానికీ ట్యూబు బయటి వ్యాసానికీ ఉన్న తేడానీ, అంటే సందునీ, గోడ మందానికి రెట్టింపులో సుమారు 7 శాతాన్నీ కలపాలి, అంటే లోపల 21.2, సందు 0.3, మందం 2.1 మి.మీ. ఉంటే 21.8 దగ్గర ఆపేయాలి. అది దాటిపోయి ఉంటే ట్యూబు మార్చడమే మంచిది. రంధ్రంలో పొడవాటి గీత పడి ఉంటే మాత్రం ఏ ఎక్స్‌పాండరూ ఆపలేదు. కొనేటప్పుడు బయటి సైజు ఒక్కటే చెప్పి తెచ్చేస్తుంటారు, గేజీ (ట్యూబు గోడ మందం), ట్యూబ్ షీట్ మందం కూడా తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఎక్స్‌పాండర్ రోలర్లు షీటు వెనక అంచుకి 3 మి.మీ. ముందే ఆగాలి.