పేదరికం మీద తీసిన ఆర్ట్ సినిమాలు ఎందుకంత నెమ్మదిగా, ఏడుపుగొట్టుగా ఉంటాయి? సత్యజిత్ రే తీసిన బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలి’ అరగంట కూడా చూడలేకపోయాను, తప్పు నాదేనా?

తప్పేం లేదండీ, మొదటిసారి నేనూ మధ్యలో నిద్రపోయాను. కానీ ‘ఏడుపుగొట్టు’ అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. ఆ సినిమాలో ఏడుపు కంటే చిరాకు ఎక్కువ. లేనిల్లు ఉండేదే అలా. ఏడవడానికి తీరికుండదు, లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరి మీద కస్సుమంటూనే ఉంటారు. మన సినిమాల్లో పేదింటి అమ్మ మాత్రం పస్తులుండి కూడా చల్లగా నవ్వుతుంది, చీరకి చిరుగున్నా ఇస్త్రీ మాత్రం నలగదు.

రెండోసారి మా అమ్మతో కలిసి ల్యాప్‌టాప్‌లో చూశాను. అమ్మకి బెంగాలీ రాదు, ఇంగ్లీషూ రాదు, కాబట్టి సబ్‌టైటిల్స్ నేను చదివి చెప్పాలి, అవేమో తెల్లటి ఆకాశం మీద తెల్లక్షరాలు (నలుపు తెలుపు సినిమాకి అలా పెట్టేవాళ్ళని ఏమనాలి!). కాసేపటికి అమ్మే ‘నువ్వూరుకో, తెలుస్తోందిలే’ అంది. ఆమెకి నెమ్మదిగా ఏమీ అనిపించలేదు. సినిమాలో ఇల్లాలు సర్వజయ చేతుల్లో ఏ పని నడుస్తోందో అదే చూస్తూ కూర్చుంది.

ఆ ఇంట్లో ఇందిర్ అని ఒక ముసలావిడ ఉంటుంది, ఇంటాయన హరిహర్‌కి అక్క వరస. కూతురు దుర్గ ఎవరి తోటలోంచో పళ్ళు తెచ్చి ఆవిడకి పెడుతుంది, తల్లి సర్వజయ మాత్రం ఆవిడ తినే ప్రతి ముద్దా లెక్కపెడుతుంది. చివరికి ముసలావిడ ఒంట్లో బాగోలేక తిరిగొచ్చి ఇక్కడే ఉంటానంటే వద్దు పొమ్మంటుంది. ఆవిడ మంచినీళ్ళు తాగి, మిగిలిన చుక్కలు అక్కడున్న చిన్న మొక్కకి పోసి వెళ్ళిపోతుంది. తర్వాత పిల్లలకి వెదురు పొదల్లో శవంగా కనిపిస్తుంది.

నేను సహజంగానే సర్వజయని ‘ఎంత కఠినాత్మురాలు’ అన్నాను. అమ్మ తలతిప్పకుండా, ‘గిన్నెలో ఎంతుందో ఆ పిల్లకి తెలుసు, నీకు తెలీదు’ అంది. కాసేపాగి సినిమా ఆపమంది. అప్పుడు చెప్పింది, నేను పుట్టకముందు సంగతి. నాయనమ్మ పెదనాన్న దగ్గర ఒక నెల, మా ఇంట్లో ఒక నెల వంతున ఉండేది. నాన్న పని కోసం ఊళ్ళు పట్టుకు తిరిగే రోజులు, ఇంటికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. ఒకసారి నాయనమ్మ మూట పట్టుకుని ముందుగానే వచ్చేస్తే, ‘పెద్దాళ్ళ వంతు ఇంకా పది రోజులుంది కదత్తయ్యా’ అని గుమ్మంలోనే చెప్పి తిప్పి పంపేసిందట. నాయనమ్మ ఏమీ అనలేదట. మా అమ్మ నోట ఆ మాట ముప్పై ఏళ్ళలో నేను ఎప్పుడూ వినలేదు, సినిమా ఆడి ఉండకపోతే ఇంకా వినేవాణ్ణీ కాదు.

ఇలాంటి సినిమాలు పేదరికాన్ని విదేశాలకి అమ్ముకుంటాయని ఒక వాదన ఉంది కదా, సత్యజిత్ రే మీద రాజ్యసభలో నటి నర్గిస్ కూడా అదే అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. రే 1952లో షూటింగ్ మొదలుపెట్టి, ఉద్యోగం చేసుకుంటూ, ఇన్సూరెన్స్ పాలసీ తాకట్టు పెట్టి, భార్య నగలు తాకట్టు పెట్టి, ఆగుతూ సాగుతూ తీస్తే, సినిమా 1955కి గానీ బయటపడలేదు. చివరికి బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే ఒడ్డున పడింది, పేరులో ‘దారి’ ఉందని ఆ సొమ్ముని రోడ్ల ఖాతాలో రాశారట! అమ్ముకునేవాడు ఇన్ని తిప్పలు పడతాడా? అసలు ఈ వాదన చేసేవాళ్ళలో సగం మంది సినిమా పూర్తిగా చూసి ఉండరని నా గట్టి నమ్మకం.

మీకు సలహా ఏంటంటే, ఫోన్ పక్కన పడేసి, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళతో కలిసి చూడండి. వేగం పెంచి మాత్రం చూడకండి, హరిహర్ ఊరి నుంచి తిరిగొచ్చి, దుర్గ చనిపోయిందని తెలియక, ఆమె కోసం తెచ్చిన చీర బయటికి తీసే చోట పాడైపోతుంది.

సినిమా అయ్యాక అమ్మ అడిగిందల్లా ఆ ముసలావిడ గురించే. పేరు చునీబాలా దేవి అని, అప్పటికి ఎనభై దగ్గర అని, ఎప్పుడో నటన మానేసిన ఆవిణ్ణి వెతికి తెచ్చి రోజుకి 20 రూపాయలు ఇచ్చారని చెప్పాను.

‘ఆ డబ్బులు ఆవిడ చేతికే ఇచ్చేవాళ్ళా?’ అంది అమ్మ.