డే కేర్ ఫీజు జీతంలో సగమైతే ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నేను, మా వారు ఇద్దరం ఉద్యోగస్తులం. పాపకు ఏడో నెల. మరో రెండు నెలల్లో నా సెలవు ముగుస్తుంది. మాకు నచ్చిన డే కేర్ ఫీజు నా జీతంలో సగం ఉంది, అక్కడా వెయిటింగ్ లిస్టే. తక్కువ ఫీజు ఉన్న చోట పాపను వదలడానికి మనసొప్పడం లేదు. మంచి సంరక్షణ అందుబాటు ధరలో ఎందుకు దొరకదు? ఈ లెక్కన నేను ఉద్యోగం మానేయడమే మేలా?

జవాబు: అంత ఫీజు విన్నప్పుడు నిర్వాహకులు బాగా మిగుల్చుకుంటున్నారని ఎవరికైనా అనిపిస్తుంది. చాలా చోట్ల అది నిజం కాదు. తల్లిదండ్రులకు భారంగా ఉన్న అదే ఫీజులోంచి అక్కడ పనిచేసేవారికి అందే జీతం మాత్రం తక్కువగానే ఉంటుంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే మీ రెండో ప్రశ్నకు కూడా సగం జవాబు దొరికినట్టే కనుక, ముందు ఆ లెక్క చూద్దాం.

రెండేళ్లలోపు పిల్లలను ఒక మనిషి ఎంతమందినని చూడగలరు? ఇంగ్లండు నిబంధనల ప్రకారం ముగ్గురికి మించకూడదు. తొమ్మిది మంది శిశువులున్న గదిలో ఎప్పుడూ ముగ్గురు సంరక్షకులు ఉండాలన్న మాట. మీరు ఎనిమిది గంటలు పనిచేసినా, భోజన విరామం, రాకపోకలు కలుపుకుంటే పాప అక్కడ పది గంటలు ఉంటుంది. సంరక్షకుల పని వేళ మాత్రం ఎనిమిది గంటలే, వారికీ సెలవులు ఉంటాయి. కాబట్టి ఆ మూడు స్థానాలు నడవాలంటే నలుగురికి జీతం ఇవ్వాలి. నాలుగు జీతాలను తొమ్మిది మంది పిల్లల మీద పంచి, మొత్తం ఖర్చులో జీతాల వాటా 60 శాతం అనుకుని అద్దె, బీమా, శుభ్రత వంటివి కలిపితే, ఒక్కో శిశువు మీద ఒక సంరక్షకురాలి జీతంలో దాదాపు 74 శాతం పడుతుంది. ఇందులో లాభం ఇంకా కలపనే లేదు. మీ జీతం ఆమె జీతానికి ఒకటిన్నర రెట్లు ఉందనుకుంటే, మీరు రాసిన ‘సగం’ సరిగ్గా ఇక్కడే తేలుతుంది.

ఈ ఖర్చు కాలంతో పాటు తగ్గదు కూడా. విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లో సంగీతం, నాటకం వంటి ప్రదర్శన కళల గురించి చెప్పిన మాట దీనికీ వర్తిస్తుంది: యంత్రాలు వచ్చిన రంగాల్లో ఒక మనిషి చేయగల పని పెరిగి, జీతాలు పెరుగుతాయి, మనిషి సమయమే సరుకైన రంగాల్లో పని వేగం పెరగదు, కానీ మనుషులను నిలుపుకోవాలంటే జీతాలు మాత్రం పెంచక తప్పదు. పెంచలేని కేంద్రం నుంచి సిబ్బంది వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. అలవాటైన మనిషి మారిపోవడం పసిబిడ్డ విషయంలో చిన్న నష్టం కాదు.

మరి ఇంత గిరాకీ ఉన్నప్పుడు కొత్త కేంద్రాలు ఎందుకు రావు? శిశువుల గది చాలా కేంద్రాలకు నష్టంలోనే నడుస్తుంది. ఆ లోటును పెద్ద పిల్లల ఫీజుతో పూడ్చుకుంటారు. అందుకే కొత్తగా వచ్చేవారు కూడా మూడేళ్లు దాటినవారినే చేర్చుకోవడానికి మొగ్గు చూపుతారు. తల్లిదండ్రులేమో సంపాదన ఇంకా ఊపందుకోని వయసులో ఉంటారు. బడి చదువుకు ప్రభుత్వం పెట్టినంత ఖర్చు ఈ వయసు పిల్లల మీద పెట్టే దేశాలు తక్కువ. పెట్టినచోట తేడా కనిపిస్తుంది. స్వీడన్ 2002లో ఫీజుకు గరిష్ఠ పరిమితి పెట్టి, మొదటి బిడ్డకు కుటుంబ ఆదాయంలో 3 శాతం మించకుండా చూసింది. కెనడాలోని క్యూబెక్ 1997లో రోజుకు 5 డాలర్ల పథకం మొదలుపెట్టినప్పుడు మాత్రం, సీట్ల కంటే గిరాకీ వేగంగా పెరిగి వెయిటింగ్ లిస్టులు పొడవయ్యాయి. ధర తగ్గించినంత మాత్రాన మనుషులు, గదులు పుట్టుకురావు కదా.

ఇక మీ నిర్ణయం. ఫీజును మీ ఒక్కరి జీతంతో పోల్చడం దగ్గరే లెక్క తప్పుతోంది. పాప ఇద్దరిదీ, ఉద్యోగాలూ ఇద్దరివీ; మీ జీతాలు ఇంచుమించు సమానమైతే ఆ ఫీజు ఇంటి ఆదాయంలో పావు వంతు. పైగా ఇది ఎప్పటికీ ఉండే ఖర్చు కాదు. మూడేళ్లు దాటాక అదే ఇంగ్లండు నిబంధనల్లో ఒకరికి ఎనిమిది మంది పిల్లల దాకా అనుమతి ఉంది. పై లెక్కనే మళ్లీ వేస్తే ఖర్చు సంరక్షకురాలి జీతంలో 28 శాతానికి, అంటే మీ జీతంలో ఐదో వంతు కంటే తక్కువకు దిగుతుంది.

మానేస్తే పోయేది ఈ మూడేళ్ల జీతం ఒక్కటే కాదు. ఏటా 5 శాతం పెంపు వచ్చే ఉద్యోగంలో మూడేళ్లు ఆగి పాత జీతానికే తిరిగి చేరితే, మానకుండా ఉంటే వచ్చే జీతం కంటే సుమారు 14 శాతం తక్కువతో మొదలుపెడతారు, ఆ తేడా తర్వాతి ఏళ్లలోనూ వెంటాడుతుంది. పదవీ విరమణ నిధి సంగతి ఇంకా తీవ్రం: 8 శాతం రాబడితో సొమ్ము తొమ్మిదేళ్లకు రెట్టింపవుతుంది కనుక, 30వ ఏట వేయని ప్రతి రూపాయీ 57వ ఏట ఎనిమిది రూపాయల లోటు. ఫీజు, రాకపోకలు, పన్ను పోగా మీ జీతంలో ఏమీ మిగలకపోయినా సరే, తిరిగి చేరడం కష్టమైన రంగంలో ఉన్నవారిని నేను మానేయమనను. విరామం తర్వాత అదే స్థాయిలో తిరిగి తీసుకునే వృత్తి అయితే, లేదా పాప ఆరోగ్యానికి మీరు దగ్గరుండక తప్పని పరిస్థితి అయితే, అప్పుడు ఆలోచించవచ్చు.

తక్కువ ఫీజున్న కేంద్రాన్ని చూడకుండానే కొట్టిపారేయకండి. ఫీజు తగ్గిందంటే దాదాపు ఎప్పుడూ నాలుగింటిలో ఏదో ఒకచోట తగ్గి ఉంటుంది: అద్దె లేకపోవడం, ఎవరిదైనా ఆర్థిక సాయం ఉండడం, సిబ్బంది జీతాలు కోయడం, ఒక్కొక్కరికి ఎక్కువమంది పిల్లలను అప్పగించడం. మొదటి రెండూ మీకు లాభమే. చివరి రెండింటినీ కనిపెట్టడానికి మధ్యాహ్నం వెళ్తే లాభం లేదు. మూసే వేళకు అరగంట ముందు వెళ్లండి. కరపత్రంలో ఒకరికి ముగ్గురని రాసి ఉన్నా, ఆ సమయానికి రెండు మూడు గదుల పిల్లలను ఒకే గదిలోకి చేర్చి ఒక్క మనిషికి వదిలేస్తున్నారేమో అప్పుడే తెలుస్తుంది. శిశువుల గదిలో ఉన్న ఆమెను అక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారని అడగండి. ఆ జవాబుకు నేను గోడల మీది బొమ్మల కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

ఈలోగా రెండు మూడు కేంద్రాల్లో పేరు రాయించండి. సీటు ఆలస్యమైతే మీ సెలవు అయ్యాక మీ వారు కొన్ని వారాలు సెలవు పెట్టగలరేమో ఇప్పుడే కనుక్కోండి. గంటల లెక్కన ఫీజు తీసుకునే చోటైతే, ఒకరు పనికి రెండు గంటలు ముందు వెళ్లి మరొకరు ఆలస్యంగా వెళ్లడం వల్ల నేరుగా డబ్బు మిగులుతుంది. నెలకింతని తీసుకునే చోట ఆ శ్రమ వృథా. అడ్వాన్సు కట్టే ముందు, పాప రాని రోజులకు, మధ్యలో మానితే ఎంత వదులుకోవాలో రాతపూర్వకంగా తీసుకోండి. ఈ మూడేళ్లూ కొత్త పొదుపు తగ్గినా ఫరవాలేదు, అయితే యజమాని తన వాటా జమచేసే పింఛను నిధిని ఆపవద్దు, క్రెడిట్ కార్డుతో ఫీజు కట్టవద్దు. పాపకు మూడేళ్లు నిండి ఫీజు దిగిన నెల నుంచే, తగ్గిన మొత్తాన్ని మీ పేరిట పదవీ విరమణ నిధికి వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి.