టైటానియంలో జీవం ఎక్కడిది?

సందేహం: బయోమెటీరియల్స్ మీద రాసిన వ్యాసంలో నేను ‘జీవపదార్థాలు’ అన్నాను. దిద్దినవారు దాన్ని ‘జైవిక పదార్థాలు’గా మార్చి, ‘పదార్థం’లో థ ఒత్తు తీసి ధ ఒత్తు పెట్టారు. తుంటి కీలులో వేసే టైటానియంలో జీవం ఎక్కడుంది? ఏ మాట సరైనది?

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. 1986లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో నిపుణులు కూడి బయోమెటీరియల్‌కు ఒక నిర్వచనం ఖాయం చేశారు. వైద్య పరికరంలో వాడేదీ, శరీరంతో కలిసి పనిచేయాల్సిందీ అయిన ‘జీవం లేని’ పదార్థం అన్నది దాని సారాంశం.

‘జీవపదార్థం’ వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు. ఇబ్బందల్లా విగ్రహవాక్యం దగ్గరే. ‘జీవ ఇంధనం’ అంటే జీవుల వలన వచ్చిన ఇంధనం. ‘జీవరసాయనం’ జీవుల యొక్క రసాయనం. ‘జీవ ఎరువు’లోనైతే బతికున్న సూక్ష్మజీవులే ఎరువు. మీరు ఉద్దేశించింది ‘జీవి కొరకు పదార్థం’ అనే చతుర్థి. చదివేవాడికి ఆ చతుర్థి తట్టదు. పైగా కణంలో ఉండే చిక్కటి ద్రవానికి (ప్రోటోప్లాజం) ‘జీవపదార్థం’ అనే పేరు పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడో స్థిరపడింది.

దిద్దినవారి ‘జైవిక’ ఇంకా ఇరుకు. వేదం నుంచి వైదికం వచ్చినట్టే జీవం నుంచి జైవికం వచ్చింది, అంటే జీవానికి సంబంధించినది. ఎముక, పట్టు, కలప జైవిక పదార్థాలే. శరీరంలో వాడే లోహాలు, పింగాణీ జాతి పదార్థాలు, ప్లాస్టిక్‌లు ఆ మాటలో ఇమడవు. పంది గుండె నుంచి తీసిన కవాటం ఇముడుతుంది. కానీ దాన్ని మనిషికి వేసేముందు గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో శుద్ధి చేస్తారు, అందులో బతికున్న కణం మిగలదు. జైవికమే, జీవం మాత్రం లేదు!

మరి ఏమనాలి? ‘దేహానుకూల పదార్థం’ అనవచ్చు. అర్థం తెలుస్తుంది, సంధి కూడా కుదురుతుంది. కానీ నాకు ఇంకో మాట ఇష్టం. ‘ఆ మందు నాకు పడదు’ అంటాం చూడండి, బయోకంపాటిబిలిటీ అంటే అచ్చంగా ఆ ‘పడటమే’. పైగా పడటం ఎప్పుడూ ఎవరికో, ఎక్కడో చెప్పాల్సిన మాట. టైటానియం ఎముకకు పడుతుంది. 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు ఎముకలో టైటానియం పరికరం పెట్టి, తర్వాత తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. ఇప్పటి పంటి ఇంప్లాంట్లకు మూలం అదే. అదే గుండెకు వేసే కృత్రిమ కవాటంలో అలా పట్టుకుంటే కొంప మునుగుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టకుండా జారిపోవాలి, అందుకే ఆ రేకులకు ఒక రకం కార్బన్ వాడతారు. కంటి కథ కూడా ఇలాంటిదే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం పైకప్పు పగిలి, యాక్రిలిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని పెద్దగా ఎదిరించలేదని కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949లో లండన్‌లో అదే జాతి ప్లాస్టిక్‌తో చేసిన లెన్సును మొదటిసారి కంట్లో అమర్చాడు. కాబట్టి శీర్షికలో ‘బయోమెటీరియల్స్’ అనే ఉంచి, లోపల ‘ఒంటికి పడే పదార్థాలు’ అని ఒక్కసారి విప్పి చెప్పండి. చాలు.

ఈ విషయంలో పండితుల కంటే రోగులే బాగా మాటలు చేశారని నా అభిప్రాయం. ‘జీవవిచ్ఛిన్నశీల సీవనసూత్రాలు’ అని రాస్తే ఎవరికి ఎక్కుతుంది? జనం ‘కరిగే కుట్లు’ అన్నారు, పని అయిపోయింది. నిజానికి అవి పంచదారలా కరగవు. పాలీగ్లైకాలిక్ ఆమ్లంతో చేసిన దారాన్ని ఒంట్లోని నీరు మెల్లగా ముక్కలు చేస్తుంది. పాతకాలపు కుట్టుదారం క్యాట్‌గట్‌ను ఎంజైములు జీర్ణం చేస్తాయి. (పేరులో పిల్లి ఉన్నా అది గొర్రె, పశువుల పేగు.) అంటే క్యాట్‌గట్ కరగడం కాదు, అన్నంలా ‘అరగడం’. ఇక తుంటి కీలు మార్చినప్పుడు వేసే పాలిథిలిన్ గిన్నె కూడా అరుగుతుంది, చెప్పు అరిగినట్టు. ఆ రజను చుట్టుపక్కల ఎముక క్షీణించడానికి దారితీస్తుంది, కీలు వదులవుతుంది. ఒకే క్రియ, ఒక చోట కావాల్సింది, ఇంకో చోట భయపడాల్సింది. మీ వ్యాసంలో ఈ రెండూ వస్తే మొదటిదానికి ‘జీర్ణమవుతుంది’ అని వాడండి, తికమక ఉండదు.

ఒత్తు విషయంలో మీరే ఒప్పు. పద, అర్థ కలిసి పదార్థం. ధ ఒత్తు పెడితే అది ‘సగం’ అనే అర్ధం.