బండి విప్పే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

వారంటీ ముగిసినందున ఇకమీదట బండి పని నువ్వే చూసుకోవాలనుకుంటున్నావనీ, స్పానర్ల సెట్టు కూడా కొన్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఆడపిల్లకు ఆ గ్రీజు పనులెందుకో నువ్వైనా నచ్చజెప్పు అన్నయ్యా అని అడిగింది. నేను నచ్చజెప్పను. వేసవి సెలవులకు రాజమండ్రి వచ్చినప్పుడల్లా షెడ్డులో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేను అడిగేలోపే 10-11 స్పానరు చేతికందించిన పిల్లకు ఈ పని వద్దని నేనెలా చెప్పగలను? మనసులో చాలా గర్వపడ్డాను. అయినా రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నువ్వు అప్పట్లో కళ్లారా చూసినవి గాలితో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్ ఉన్న బళ్లు, ఇప్పుడు నీ దగ్గరున్నది బీఎస్-6 బండి, అంటే పొగ కాలుష్యం మీద వచ్చిన కొత్త నిబంధనలకు తగ్గట్టు చేసినది. 2020 ఏప్రిల్‌లో ఆ నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని మోటారు సైకిళ్లలోనూ కార్బ్యురేటర్ పోయి, దాని స్థానంలో ట్యాంకు లోపల పెట్రోలు పంపు, ఆ పెట్రోలును ఇంజనుకు చిమ్మే ఇంజెక్టరు, నాలుగైదు సెన్సర్లు, వాటన్నిటినీ నడిపించే ఈసీయూ అనే చిన్న కంప్యూటరు వచ్చాయి. షెడ్డులో నన్ను చూసి నేర్చుకున్నవాటిలో కొన్ని ఈ బండి మీద చేయకూడని పనులు. అవి ఏవో తెలియకుండా నువ్వు సెల్లారులో ఒంటరిగా బండి విప్పుతావేమోనన్న భయంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చైను సంగతి. సెంటర్ స్టాండు వేసి, ఇంజను స్టార్ట్ చేసి, గేరులో వదిలి, తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టి తుడవడం నువ్వు చాలాచోట్ల చూసి ఉంటావు. పని తొందరగా అవుతుందని అలా చేస్తారు. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు నేను లేని సమయంలో అలాగే చేశాడు. గుడ్డ పోగు ఒకటి చైను లింకులో చిక్కుకుని, గుడ్డతో పాటు అతని చేతిని కూడా వెనక పళ్లచక్రంలోకి లాగేసింది. రెండు వేళ్ల చివరలు పోయాయి. అతను ఇప్పటికీ ఆ చేతితో చిన్న నట్టు తిప్పలేడు. చైను శుభ్రం చేసేటప్పుడు కీ తీసి జేబులో వేసుకో, గేరు న్యూట్రల్‌లో ఉంచు, చక్రాన్ని చేత్తోనే నెమ్మదిగా తిప్పు. చున్నీ వద్దు, గాజులు వద్దు, జడ ముడి వేసుకో. ఇది మావయ్య చాదస్తమనుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు. ఇక మిగిలిన పని తేలికే. సీలు రింగులున్న చైనును కిరోసిన్‌తో, మెత్తని బ్రష్షుతో కడగాలి. పెట్రోలూ, ఇనుప బ్రష్షూ ఆ రింగులను పాడుచేస్తాయి. ఆరాక 90 గ్రేడు గేర్ ఆయిలు పలచగా పట్టించి, ఎక్కువైనది తుడిచెయ్యాలి. చైను లూజు చాలా బళ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నీ బండికి ఎంతో దాని పుస్తకంలో చూడు.

టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకో. ఇంజను ఆయిలు పుస్తకంలో చెప్పిన గ్రేడే, డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ2 (JASO MA2) అని, అంటే మోటారు సైకిల్ క్లచ్చుకు సరిపడేదని గుర్తు ఉన్నదే పొయ్యి. కారు ఆయిలు పోస్తే క్లచ్చు జారవచ్చు. డ్రైన్ బోల్టును మొదట వేళ్లతో తిప్పి ఎక్కించి, ఆ తరువాతే స్పానరు పెట్టు, ఎందుకంటే కింద ఉన్నది అల్యూమినియం, బలం చూపిస్తే మర పోతుంది. స్పార్క్ ప్లగ్గు కూడా అంతే, పైగా ఇంజను పూర్తిగా చల్లారాకే విప్పాలి. ఎయిర్ ఫిల్టరు విషయంలో మాత్రం పాత అలవాటు పనికిరాదు. ఇప్పటి బళ్లలో చాలావాటికి నూనె తడి ఉన్న కాగితపు ఫిల్టరు వస్తోంది. దానికి గాలి కొట్టకూడదు, గడువు వచ్చాక మార్చేయడమే. బ్రేకు ప్యాడ్లు ఎంత అరిగాయో నువ్వు చూసుకోవచ్చు. ప్యాడ్లు మార్చడం, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బ్రేకులో ఆయిలు మార్చి గాలి తీయడం మాత్రం నేను పక్కన ఉన్నప్పుడే చెయ్యి. కీ ఆన్ చేయగానే వెలిగే ఏబీఎస్ లైటు బండి కొంచెం కదిలాక ఆరిపోవాలి. అలా ఆరకపోతే ఆ రోజు జాగ్రత్తగా నడుపుకుంటూ షోరూముకు తీసుకెళ్లు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బండి మొరాయించినప్పుడు చేతులు స్పానరు వైపు వెళ్లకుండా ఆపుకోవడం చాలా కష్టం, నీ వయసులో మరీ కష్టం. ముందు కళ్లతో, చెవులతో చూడు. కీ ఆన్ చేయగానే మీటరులో నారింజ రంగు ఇంజను లైటు వెలగాలి, ట్యాంకు కింద నుంచి రెండు మూడు క్షణాలు సన్నగా జుయ్యిమనే శబ్దం రావాలి. అది పెట్రోలు పంపు ఒత్తిడి తెచ్చుకునే శబ్దం. అది వినిపించకపోతే కిల్ స్విచ్, ఫ్యూజు, ఆ తరువాత బ్యాటరీ చూడాలి. బండి ఎక్కడైనా పడిపోయి ఉంటే, వాలును పసిగట్టే సెన్సరు ఇంజనును ఆపేసి ఉండవచ్చు. బండిని నిలబెట్టి, కీ ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే చాలు. పంపు శబ్దం వచ్చి, సెల్ఫ్ నొక్కినా చలనం లేకపోతే సైడ్ స్టాండు స్విచ్, క్లచ్చు స్విచ్, న్యూట్రల్ లైటు చూడు. టిక్కుటిక్కుమని ఆగిపోతే బ్యాటరీ నీరసించిందన్నమాట, లేదా దాని టెర్మినల్ వదులైందన్నమాట. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే అప్పుడు పెట్రోలు, ప్లగ్గు గురించి ఆలోచించు. ట్యాంకు ఎప్పుడూ అడుగంటనివ్వకు. ఆ పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోలు వల్లనే. ఇంజను ఆపిన తరువాత కూడా పంపు గొట్టంలో ఒత్తిడి నిలిచి ఉంటుంది కాబట్టి ఆ గొట్టాన్ని ఊడదీయవద్దు. బండిని సెల్లారులో ఎక్కువసేపు స్టార్ట్ చేసి ఉంచవద్దు, ఆ పొగకు మనిషి స్పృహ తప్పుతాడు.

స్పానర్ల కంటే ముందు నువ్వు కొనవలసింది వోల్టేజీ కొలిచే మల్టీమీటరు. అది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన షెడ్డులో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. నేను పని మానేసే ముందు సంవత్సరాల్లో ఒక బడిపంతులు గారు కొత్త ఇంజెక్షన్ బండి తెచ్చారు. గతుకుల్లో ఉన్నట్టుండి ఇంజను ఆగిపోతుంది, ఇంజను లైటు వెలుగుతుంది, మళ్లీ దానంతట అదే ఆరిపోతుంది. ఎవరో చెప్పారని ఆయన అప్పటికే పంపు మార్పించారు, ప్లగ్గు మార్పించారు. స్కానరు పెట్టినవారు పి0122 అనే కోడు చూపించి, యాక్సిలరేటరు తెరుచుకునే కొలత చెప్పే సెన్సరు పోయిందన్నారట. అది కూడా మార్పించారు. ఆ కోడు నిజానికి చెప్పేది ఆ సెన్సరు సర్క్యూటులో వోల్టేజీ తక్కువగా ఉందని మాత్రమే. తక్కువ కావడానికి సెన్సరు కారణం కావచ్చు, వైరు కావచ్చు, వైర్లను కలిపే కప్లర్‌లో పట్టిన చిలుము కావచ్చు. ఆయన మూడు కొత్త భాగాలు వేయించుకుని, అదే జబ్బుతో బండిని మన దగ్గరికి తెచ్చారు.

ఆ రోజు నేను సామర్లకోటలో పెళ్లికి వెళ్లాను. షెడ్డులో ఉన్నది మన పెద్ద మేస్త్రి. నీకు గుర్తుండే ఉంటాడు, నీకు జామకాయలు తెచ్చిపెట్టేవాడు; ఇంజను శబ్దం విని ఏ వాల్వు లూజో చెప్పగలిగిన మనిషి. ఛార్జింగు వస్తోందో లేదో చూడడానికి ఆయన తన పాత పద్ధతిలో ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీశాడు. కార్బ్యురేటర్ బళ్ల మీద తన జీవితమంతా అలాగే చూశాడు. ఇంజను ఆగకపోతే ఛార్జింగు బాగున్నట్టు లెక్క. ఈ బండిలో మాత్రం బ్యాటరీ ఆసరా పోయిన ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఈసీయూలోకి వెళ్లింది. ఇంజను ఆగింది, మీటరు ఆరింది, మళ్లీ వెలగలేదు.

మర్నాడు నేను వచ్చి మల్టీమీటరు పెట్టి చూశాను. బ్యాటరీ మైనస్ మీద ఒక ప్రోబు, ఇంజను బాడీ మీద రంగు లేని చోట రెండవ ప్రోబు పెట్టి సెల్ఫ్ నొక్కితే అర వోల్టు కూడా చూపించకూడదు. వోల్టుకు పైగా చూపించింది. పంతులు గారు ముందు బిగించుకున్న అదనపు లైట్ల ఎర్త్ వైరును బ్యాటరీ మైనస్ బోల్టు కిందనే దూర్చారు. దానివల్ల అసలు వైరు సరిగా కూర్చోక వదులై, కొన దగ్గర పచ్చగా చిలుము పట్టింది. గతుకు వచ్చినప్పుడల్లా ఎర్త్ తెగి కలుస్తోంది. కొనను గరుకు కాగితంతో రుద్ది, లైట్ల వైరును వేరే చోటికి మార్చి, బోల్టు బిగిస్తే జబ్బు పోయేది. ఆ కాస్త పనికి ఈసీయూ ఒకటి కొనవలసి వచ్చింది. దాని ఖర్చు షెడ్డే పెట్టుకుంది. మేస్త్రి తన జీతంలో కోసుకోమన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆయన ఆ తరువాత కొన్ని నెలలు ఇంజెక్షన్ బండి ముట్టుకోలేదు. చివరికి నా మీటరు తీసుకుని, సాయంత్రాలు మూలన కూర్చుని మా ఇంటి టార్చిలైటు బ్యాటరీల మీద కొలవడం నేర్చుకున్నాడు. అరవై దాటిన మనిషి అలా నేర్చుకోవడం చూసి నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

అందుకే మీ అమ్మ నువ్వు ఫాగ్ లైట్లు కూడా బిగించుకోబోతున్నావని చెప్పగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకు అంత తొందర? పెట్టుకోవద్దని అనను, ఘాట్ రోడ్డు మీద అవి అవసరమే. వాటికి విడిగా రిలే, విడిగా ఫ్యూజు పెట్టాలి. బండి అసలు వైరింగులో ఏ వైరునూ బ్లేడుతో గీకి జాయింటు వేయకూడదు, ఎర్త్ వైరుకు వేరే బోల్టు చూసుకోవాలి. బండి కడిగేటప్పుడు సీటు కింద, స్టీరింగు దగ్గర ఉన్న కప్లర్ల మీద ప్రెషరు నీళ్లు కొట్టనివ్వకు. ఇక ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్‌ను, ప్లగ్గు క్యాపును ముట్టుకోనని నాకు ఫోను చేసి నోటితో చెప్పాలి. చెప్పేదాకా నాకు స్థిమితం ఉండదు.

ఈ ఆదివారం ఏమీ విప్పకు, కొలవడమొక్కటే చెయ్యి. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే బ్యాటరీ వోల్టేజీ చూడు: 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 కంటే తక్కువైతే ఛార్జింగు పెట్టాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కంటే దిగువకు పడితే బ్యాటరీ ముసలిదైపోతోందని అర్థం. ఇంజను వేగం కొంచెం పెంచినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. ఈ మూడు అంకెలూ, కిలోమీటర్ల రీడింగూ, తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకో. బండి బాగున్నప్పటి అంకెలు దగ్గర ఉంటేనే అది పాడైనప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది. ఏదైనా కప్లర్ ఊడదీసే ముందు ఫోటో తీసుకో. ఎప్పుడు ఆగుతోంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, వాన తరువాతా, గతుకులోనా అన్నది కూడా అందులోనే రాయి. నాకు ఫోను చేసినప్పుడు నేను మొదట అడిగేవి అవే.

ట్యాపెట్ల జోలికి, అంటే వాల్వుల సందు సరిచేసే పని జోలికి, ఇప్పుడే పోవద్దు. ఆ సందు కొలిచే నా ఫీలర్ గేజీ మీ అమ్మ చేత పంపిస్తున్నాను, దసరాకు నేను హైదరాబాదు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి సెట్ చేద్దాం. ఈలోగా మీ అమ్మ మళ్లీ నిన్నేమైనా అంటే నాకు ఫోను ఇమ్మను, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో
మీ మావయ్య