మన భాష రాని గర్భిణి ఎదుట కూర్చున్నప్పుడు

బిడ్డా,

ప్రసూతి వార్డులో చేరుతున్నావని తెలిసి సంతోషం. బీపీ చూడటం, పొట్ట పట్టి చూడటం నీకు వచ్చు. హైదరాబాద్‌లో కష్టమంతా మాట దగ్గర వస్తుంది. పాతబస్తీ ఆడవాళ్లతో మన ఉర్దూ సరిపోతుంది. కానీ నగరం చుట్టూ అపార్ట్‌మెంట్లు కట్టే చోట బీహార్, జార్ఖండ్, బెంగాల్ వాళ్లు, ఇటుక బట్టీల్లో ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు వాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది ఆడవాళ్లకు ఆ ఉర్దూ అందదు. ఏమడిగినా తల ఊపుతారు. దాన్ని జవాబుగా కేసు షీట్లో ఎక్కించకు. "అర్థమైందా?" అని అడగడం మానేసి, "ఇంటికెళ్లాక ఏం చేస్తావో చేసి చూపించు" అని అడుగు.

మాట చేరవేసే మనిషిని చూసి ఎంచుకో. వెంట వచ్చిన మేస్త్రీ వద్దు. ఆమె రేపు పనికి వెళ్లాలా వద్దా అన్నది అతని చేతిలో ఉంటుంది. పాత గర్భస్రావాల గురించి, ఇంట్లో దెబ్బల గురించి అడిగేటప్పుడు భర్త, అత్త కూడా వద్దు. పిల్లలతో అసలే చెప్పించకు. ఆ భాష వచ్చిన ఆయా, ఆశా, లేదా అదే వార్డులోని మరో స్టాఫ్ మేలు. ఆ మనిషిని ఆమె పక్కన కూర్చోబెట్టి, నువ్వు మాత్రం ఆమె ముఖం చూస్తూ మాట్లాడు. ఒక్కసారికి ఒక్క విషయమే చెప్పు.

ఎక్కువ పొరపాట్లు ఎల్‌ఎంపీ, అంటే చివరి నెలసరి మొదలైన తేదీ దగ్గరే జరుగుతాయి. ఆమె "సావన్ మొదట్లో" అంటే మన శ్రావణం అనుకుని లెక్క వేస్తారు. ఉత్తరాదిలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. వాళ్ల సావన్ మన ఆషాఢ పౌర్ణమి మర్నాడే మొదలవుతుంది. అక్కడే పదిహేను రోజులు తేడా. నిజంగా 41 వారాలు నిండిన ఆమెను 39 అనుకుని ఇంటికి పంపేస్తాం. అందుకే నెల పేరు వదిలెయ్, పండుగ పట్టుకో: హోళీ, దీపావళి, ఛఠ్, ఒడిశా పశ్చిమం వాళ్లకైతే కొత్త పంట పండుగ నువాఖాయి. దానికి ముందా, తర్వాతా, ఎన్ని రోజులు అని అడిగి, ఆ ఏడాది క్యాలెండర్ చూసి తేదీ రాయి. రంజాన్ చెబితే అది ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుందని మరువకు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ దగ్గరుంటే దాన్నే ఎక్కువ నమ్ము. వేరే రాష్ట్రం కార్డు తెస్తే భాష రాదని పక్కన పెట్టకు. తల్లీబిడ్డల రక్షణ కార్డు దేశమంతా దాదాపు ఒకే నమూనా. బీపీ, బరువు, హెచ్‌బీ (హిమోగ్లోబిన్) గళ్లు వెతికితే దొరుకుతాయి.

మాత్రలు ఇచ్చేటప్పుడు మార్కర్ పెన్ను దగ్గర పెట్టుకో. ఎర్రటి ఐరన్ మాత్రల షీటు వెనక చంద్రుడి బొమ్మ గియ్యి, రాత్రి ఒకటి. కాల్షియం షీటు మీద రెండు సూర్యులు: పొద్దున తిన్నాక ఒకటి, మధ్యాహ్నం తిన్నాక ఒకటి. రెండూ కలిపి వేసుకుంటే కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. టీ కూడా అంతే. షీట్లు ఆమె చేతికిచ్చి ఏది ఎప్పుడో చూపించమను. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే భయపడి నాలుగో రోజే ఆపేస్తుంది.

నడక గురించి అందరికీ ఒకే పాఠం చెప్పకు. ముందు "రోజంతా ఏం పని చేస్తావు?" అని అడుగు. ఇంటి పట్టునే ఉండే ఆరోగ్యవంతురాలికి వారంలో ఐదు రోజులు అరగంట నడక మంచిదే, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో. ఒంట్లో ఆక్సిజన్ ఖర్చయ్యేకొద్దీ ఫ్రీ రాడికల్స్ అనే, కణాలను దెబ్బతీసే పదార్థాలు పుడతాయి. మితమైన వ్యాయామం రోజూ చేస్తే వాటిని అణిచే ఎంజైములను శరీరమే పెంచుకుంటుంది. శక్తికి మించిన శ్రమలో ఫ్రీ రాడికల్స్ అణిచే వీలు లేనంతగా పేరుకుంటాయి. దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ఎండలో ఇటుకలు మోసే మనిషికి నడవమని చెప్పడం అన్యాయం. ఆమెకు కావలసింది నీళ్లు, నీడ, ఎడమవైపు తిరిగి పడుకునే గంట, బరువు మోయని పని. ఎండాకాలంలో నడిచేవాళ్లు కూడా పొద్దున ఏడులోపే ముగించాలి. కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా ఆపి ఆసుపత్రికి రావాలి.

ప్రమాద సూచనలకు బొమ్మల కాగితం చేసుకో: రక్తం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు, ఫిట్స్, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం. ఒక్కో బొమ్మ మీద ఆమె చేతే వేలు పెట్టించు. కింద 108 అని పెద్దగా రాయి. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే తలనొప్పి ఉందా అని మాటతో అడిగి ఊరుకోకు, ఆమె చెయ్యి ఆమె నుదుటి మీద పెట్టించి అడుగు.

నొప్పులు ముదిరాక భాష నేర్పలేం. వార్డులో చేరిన తొలి గంటలోనే రెండు సైగలు సాధన చేయించు. పిడికిలి బిగిస్తే ముక్కాలి. అరచెయ్యి తెరిస్తే ముక్కకుండా, నోటితో చిన్న చిన్న ఊపిర్లు తీయాలి. నువ్వు చేసి చూపించు, తర్వాత ఆమె చేత చేయించు. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కితే అది వాస్తుంది, ఆమె అలిసిపోతుంది. తల బయటికి వచ్చే క్షణాన గట్టిగా ముక్కితే చిరుగు పెద్దదవుతుంది. సిజేరియన్ అవసరం పడొచ్చు అనిపిస్తే సంతకం సంగతి కూడా అప్పుడే, నొప్పికీ నొప్పికీ మధ్య, ఆమె భాష వచ్చిన మనిషితో చెప్పించు.